సమాఖ్యలో వేర్పాటు ప్రశ్న: కెనడా సుప్రీంకోర్టు 1998 అభిప్రాయంపై విమర్శ

సమాఖ్య వ్యవస్థ గురించి ఇంతవరకు మీరు చదివిన నిర్వచనాలన్నీ అందులోకి ఎలా చేరతారో, చేరిన తరవాత అధికారాలను ఎలా పంచుకుంటారో చెబుతాయి. బయటికి వెళ్లాలనుకునే వారి సంగతి చాలా రాజ్యాంగాలు ఎత్తవు. ఎత్తిన చోట కూడా రాత ఒకటి, ఆచరణ ఒకటి. 1977 నాటి సోవియట్ రాజ్యాంగం 72వ అధికరణ ప్రతి యూనియన్ రిపబ్లిక్కుకు స్వేచ్ఛగా విడిపోయే హక్కు ఇచ్చింది. ఆ హక్కును ఎలా వినియోగించుకోవాలో చెప్పే చట్టం 1990 ఏప్రిల్‌లో గాని రాలేదు. మరుసటి ఏడాది చివరికి ఆ రాజ్యమే లేదు. అమెరికా సుప్రీంకోర్టు 1869లో టెక్సాస్ వర్సెస్ వైట్ కేసులో తమ యూనియన్ విడదీయరానిదని తేల్చింది. నిజానికి అప్పటికే ఆ ప్రశ్నకు అంతర్యుద్ధం జవాబు చెప్పేసింది.

1998 ఆగస్టు 20న కెనడా సుప్రీంకోర్టు క్విబెక్ వేర్పాటుపై ఇచ్చిన అభిప్రాయాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. దీని గురించి జవాబు పత్రాల్లో రెండు రకాల వాక్యాలు కనిపిస్తుంటాయి. 'కోర్టు విడిపోయే హక్కును గుర్తించింది' అని కొందరు రాస్తారు, 'తిరస్కరించింది' అని కొందరు రాస్తారు. రెండూ సగం సగం జవాబులే. కోర్టు అసలు చేసిన పని వేరు: విడిపోవడాన్ని హక్కుగా కాకుండా, ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోవలసిన వ్యవహారంగా మార్చింది. ఈ మార్పులోని బలం ఏమిటి, లోపం ఎక్కడ ఉంది అన్నదే ఈ భాగంలో మన చర్చ.

ముందుగా పూర్వరంగం. ఫ్రెంచి మాట్లాడే వారు అధిక సంఖ్యలో ఉన్న క్విబెక్, ఇంగ్లిషు మాట్లాడే ప్రావిన్సుల మధ్య తనను ఒక జాతిగా భావించుకుంటుంది. 1980 ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 60 శాతం మంది వేర్పాటు ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటు వేశారు. 1982లో కెనడా తన రాజ్యాంగాన్ని బ్రిటన్ నుంచి స్వదేశానికి తెచ్చుకున్నప్పుడు క్విబెక్ ప్రభుత్వ సమ్మతి లేకుండానే పని జరిగిపోయింది. ఆ గాయాన్ని మాన్పడానికి చేసిన మీచ్ లేక్ ఒప్పందం 1990లోనూ, షార్లట్‌టౌన్ ఒప్పందం 1992లోనూ విఫలమయ్యాయి. ఇక 1995 అక్టోబరు 30న జరిగిన రెండవ ప్రజాభిప్రాయ సేకరణలో 93 శాతానికి పైగా ఓటర్లు పాల్గొన్నారు; 'వద్దు' అన్నవారు 50.58 శాతం, 'కావాలి' అన్నవారు 49.42 శాతం. తేడా 55 వేల ఓట్లు కూడా లేదు. ఒక దేశం ఉండడమా, చీలడమా అన్నది ఒక చిన్న పట్టణం ఓట్లంత తేడాతో తేలింది.

ఆ భయంతోనే కెనడా సమాఖ్య ప్రభుత్వం సుప్రీంకోర్టు ముందు మూడు ప్రశ్నలు ఉంచింది. మన రాజ్యాంగంలో 143వ అధికరణ కింద రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా కోరడం మీకు తెలుసు, ఇది అటువంటిదే. అందుకే దీనిని తీర్పు అనకుండా అభిప్రాయం అంటున్నాం. క్విబెక్ ప్రభుత్వం విచారణలో పాల్గొనడానికి నిరాకరించింది. వేర్పాటు పక్షాన వాదన వినిపించడానికి అమికస్ క్యూరీగా ఒక న్యాయవాదిని కోర్టే నియమించుకోవలసి వచ్చింది.

కెనడా రాజ్యాంగం ప్రకారం క్విబెక్ ఏకపక్షంగా విడిపోవచ్చా? వీల్లేదు. అంతర్జాతీయ న్యాయం ప్రకారం? అక్కడా వీల్లేదు, స్వయం నిర్ణయాధికారం పేరిట వేరు రాజ్యం కోరే హక్కు వలస పాలనలో ఉన్న వారికి, పరాయి పెత్తనం కింద నలిగే వారికి వర్తిస్తుంది, క్విబెక్ ప్రజల స్థితి అది కాదు. రెండు న్యాయాల మధ్య విరుద్ధత ఉంటే ఏది చెల్లుతుంది అన్నది మూడవ ప్రశ్న. విరుద్ధతే లేదు కాబట్టి దానికి జవాబు అక్కర లేదు. ఇంతటితో ఆగి ఉంటే ఈ అభిప్రాయాన్ని ఇవాళ మనం చదవవలసిన పని ఉండేది కాదు.

కోర్టు ఆగలేదు. క్విబెక్ ప్రజలు స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీతో 'విడిపోతాం' అని చెబితే, సమాఖ్యలోని మిగతా భాగస్వాములు దాన్ని పట్టనట్టు ఊరుకోవడానికి లేదు, సంప్రదింపులకు కూర్చోవలసిన బాధ్యత వారి మీద పడుతుంది అని చెప్పింది. క్విబెక్ కూడా తన షరతులను ఇతరుల మీద రుద్దకూడదు. సంప్రదింపులు ఒప్పందంతోనే ముగుస్తాయన్న హామీ లేదు. సరిహద్దులు, జాతీయ రుణం, మైనారిటీల హక్కులు అన్నీ బల్ల మీదికి వస్తాయి. మాట్లాడకుండా తలుపు మూసిన పక్షం, అది ఏదైనా సరే, ప్రపంచం దృష్టిలో తన న్యాయబద్ధతను పోగొట్టుకుంటుంది.

ఈ బాధ్యత ఎక్కడి నుంచి వచ్చింది? కెనడా రాజ్యాంగం మొత్తం వెదికినా అలాంటి అధికరణ లేదు. సమాఖ్య స్వభావం, ప్రజాస్వామ్యం, రాజ్యాంగబద్ధతతో కూడిన చట్టబద్ధ పాలన, మైనారిటీల రక్షణ అనే నాలుగు అలిఖిత సూత్రాల నుంచి కోర్టు దీనిని రాబట్టింది. న్యాయమూర్తులు తమకు లేని అధికారాన్ని సృష్టించుకున్నారని ఆక్షేపించేవారు ఉన్నారు. ఆ ఆక్షేపణలో పస ఉంది. అయినా నా మొగ్గు కోర్టు వైపే. లిఖిత పాఠానికే కట్టుబడితే మిగిలేది ఒక్క 'కుదరదు' మాత్రమే. సగం మంది ఓటర్లు కోరుకుంటున్న దాని గురించి ఆ ఒక్క మాట చెప్పి ఊరుకునే రాజ్యాంగం ఎంతకాలం నిలుస్తుంది? పైగా ఓడినవారికీ గెలిచినవారికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి దక్కింది. ఏకపక్ష వేర్పాటు చెల్లదన్న మాటను ప్రధాని జాన్ క్రేటియెన్ స్వాగతించారు. సంప్రదింపుల బాధ్యతను క్విబెక్ ప్రీమియర్ లూసియెన్ బూషార్ స్వాగతించారు.

అసలు చిక్కు 'స్పష్టమైన' అనే విశేషణంలో ఉంది. ఎంత మెజారిటీ అయితే స్పష్టం? 50 శాతం మీద ఒక్క ఓటు చాలునా? ప్రశ్న స్పష్టంగా ఉందో లేదో ఎవరు చెప్పాలి? ఇది రాజకీయ నాయకులు తేల్చుకోవలసిన విషయమని కోర్టు పక్కకు తప్పుకుంది. ఆ ఖాళీని ముందుగా నింపింది కెనడా పార్లమెంటు. 2000 సంవత్సరంలో చేసిన క్లారిటీ యాక్ట్ ప్రకారం ప్రశ్న స్పష్టతనూ మెజారిటీ స్పష్టతనూ నిర్ణయించేది ప్రతినిధుల సభే. చర్చలు జరపడానికి అనుమతి మాత్రమే అడిగే ప్రశ్న, ఆర్థిక రాజకీయ భాగస్వామ్యాన్ని జతచేసి అడిగే ప్రశ్న స్పష్టమైనవి కావని కూడా ఆ చట్టం చెప్పింది. అంటే 1980, 1995 ప్రశ్నల తరహాకు తలుపు మూసినట్టే. బదులుగా క్విబెక్ శాసనసభ అదే ఏడాది వేరే చట్టం చేసి, చెల్లిన ఓట్లలో సగం మీద ఒకటి వస్తే చాలునని ప్రకటించుకుంది. కోర్టు ఇద్దరినీ సమాన భాగస్వాములుగా చూడబోయి, చివరికి ఒక పక్షం చేతికి ఆట నియమాలనూ ఇచ్చింది, రెఫరీ విజిలునూ ఇచ్చింది. బహుజాతి రాజ్యంలో చిన్న జాతికి ఉన్న శాశ్వత ఫిర్యాదు ఇదే కదా: అవతలి వారి సంఖ్యే ఎప్పుడూ ఎక్కువ.

ఇంత లోపం ఉన్నా ఆ అభిప్రాయం విలువ తెలియాలంటే స్పెయిన్‌ను చూడండి. 1978 స్పెయిన్ రాజ్యాంగం 2వ అధికరణ ఒకే వాక్యంలో స్పానిష్ జాతి విడదీయరాని ఐక్యతనూ, అందులోని 'జాతిసముదాయాల, ప్రాంతాల' స్వపరిపాలననూ చెబుతుంది. కాటలోనియా స్వపరిపాలన శాసనం ప్రాంతీయ శాసనసభ, జాతీయ పార్లమెంటు, 2006 జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ అనే మూడు మెట్లూ ఎక్కి అమల్లోకి వచ్చింది. నాలుగేళ్ల తరవాత, 2010 జూన్‌లో, రాజ్యాంగ న్యాయస్థానం అందులో 14 అధికరణలను పూర్తిగానో కొంతగానో కొట్టివేసింది; పీఠికలోని 'జాతి' అన్న మాటకు చట్టపరమైన విలువ లేదంది. మరుసటి నెలలో బార్సిలోనా వీధులు జనంతో నిండాయి. 2008 నాటి ఆర్థిక సంక్షోభం కూడా ఈ ఆగ్రహానికి ఆజ్యం పోసింది కాబట్టి తప్పంతా న్యాయస్థానానిదే అనడం తొందరపాటు. అయినా, ఇంకా వేర్పాటు కోరని జనానికి 'మాట్లాడుకుందాం' అన్న మాట చెప్పేవారే లేకపోయారు. అదే న్యాయస్థానం 2014లో కెనడా అభిప్రాయాన్ని ఉదహరించింది. రాజ్యాంగ సవరణకు ప్రతిపాదన వస్తే పార్లమెంటు పరిశీలించాలని కూడా అంది. అప్పటికి ఆలస్యమైంది. 2017 అక్టోబరులో న్యాయస్థానం ఆపమన్న ఓటింగ్, పోలీసు లాఠీలు, స్వాతంత్ర్య ప్రకటన, 155వ అధికరణ కింద నేరుగా మాడ్రిడ్ పాలన వరుసగా జరిగాయి. 2019లో తొమ్మిది మంది నాయకులకు 9 నుంచి 13 ఏళ్ల జైలు శిక్షలు పడ్డాయి. 2021లో క్షమాభిక్ష ఇచ్చి విడుదల చేశారు.

ఇక్కడ పరిభాష గురించి ఒక హెచ్చరిక. మన దినపత్రికల్లో, ఉపన్యాసాల్లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాలను కూడా 'వేర్పాటువాదం' అనడం వినే ఉంటారు. రాజనీతి శాస్త్రంలో ఇది పొరపాటు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 2014లో తెలంగాణ ఏర్పడింది భారత యూనియన్ లోపల, 3వ అధికరణ కింద. ఇంట్లో గది మార్చుకోవడం వేరు, ఇల్లు విడిచిపోవడం వేరు. విడిపోవడాన్ని మన వ్యవస్థ అసలు చర్చకే రానివ్వదు. 1963లో 16వ రాజ్యాంగ సవరణ వచ్చాక, ఎన్నికల్లో నిలబడేవారు దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను కాపాడతామని ప్రమాణం చేయాలి, డి.ఎం.కె. ద్రవిడనాడు కోరికను వదులుకున్నది ఆ రోజుల్లోనే. అయినా సంప్రదింపులు జరగలేదా? జరిగాయి. 1966లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న మిజో నేషనల్ ఫ్రంట్‌తో 1986లో ఒప్పందం కుదిరింది. మిజోరాం రాష్ట్రమైంది, లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యారు, 371-జి అధికరణ అక్కడి ఆచారాలకు, భూమికి రక్షణ ఇచ్చింది. చట్టబద్ధమైన బాధ్యత లేకుండానే ఇది సాధ్యమైంది కనుక కెనడా సూత్రం అనవసరం అని మీరు వాదించవచ్చు. అలా వాదించేటప్పుడు మధ్యలో గడిచిన 20 ఏళ్లనూ, 1966 మార్చిలో ఐజ్వాల్‌పై వైమానిక దాడులనూ లెక్కలో వేయండి.

కెనడా అభిప్రాయంలో నాకు అన్నిటికంటే బలహీనంగా తోచేది చివరికి వచ్చే మూలవాసుల ప్రస్తావన. ఉత్తర క్విబెక్‌లోని జేమ్స్ బే ప్రాంతపు క్రీ ప్రజలు 1995 అక్టోబరులో, ప్రధాన ఓటింగుకు కొద్ది రోజుల ముందు, సొంతంగా ఓటు పెట్టుకున్నారు. తమ సమ్మతి లేకుండా తమనూ తమ నేలనూ కెనడా నుంచి విడదీయడానికి 96 శాతం మంది ఒప్పుకోలేదు. క్విబెక్‌కు కెనడాను విభజించే దారి ఉంటే తమకు క్విబెక్‌ను విభజించే దారి ఎందుకు లేదన్నది వారి ప్రశ్న. ఏకపక్ష వేర్పాటు హక్కే లేనప్పుడు ఈ విషయంలోకి ఇంకా లోతుగా వెళ్లనక్కర లేదని కోర్టు అక్కడితో ఆపింది. కాని సంప్రదింపుల దారి తెరిచినది తానే. ఆ బల్ల దగ్గర క్రీ ప్రజలకు వేరే కుర్చీ ఉంటుందా, లేక క్విబెక్ వెనకో ఒట్టావా వెనకో నిలబడాలా అన్నది ఆ అభిప్రాయం చెప్పలేదు. రెండేళ్ల తరవాత వచ్చిన క్లారిటీ యాక్ట్ కూడా వారి అభిప్రాయాలను లెక్కలోకి తీసుకోవాలన్నదే గాని, సమ్మతి కావాలని అనలేదు.