సమంలో కలిసే చుక్కలు

‘పర్ముటేషన్స్’ నిడివి ఎనిమిది నిమిషాలైనా ఉండదు. 1968లో అమెరికన్ కళాకారుడు జాన్ విట్నీ తీసిన ఈ చిత్రంలో నల్లటి తెర మీద రంగురంగుల చుక్కలు తిరుగుతుంటాయి. చెదిరిపోతాయి, సుడి తిరుగుతాయి, ఉన్నట్టుండి మూడు రేకుల పువ్వై నిలుస్తాయి. మనం పోల్చుకునేలోగా అదీ విడిపోయి ఇంకో రూపు కడుతుంది. వెనక వినిపించేది మన దేశపు తాళవాద్యం. లయ అలవాటైన చెవికి ఈ చిత్రం మొదటిసారే దగ్గరైపోతుంది. తొలినాళ్ల కంప్యూటర్ యానిమేషన్‌కూ సంగీతానికీ ఉన్న చుట్టరికం చెప్పాలంటే నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. బొమ్మలు కదిలే తీరునే ఒక స్వరరచనలా కూర్చాలని జీవితమంతా తపించిన మనిషి విట్నీ.

1917లో కాలిఫోర్నియాలోని పసడీనాలో పుట్టిన ఆయన, యవ్వనంలో పారిస్ వెళ్లి పన్నెండు స్వరాల పద్ధతిలో సంగీత రచన నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక తమ్ముడు జేమ్స్‌తో కలిసి 1943-44లో ‘ఫైవ్ ఫిల్మ్ ఎక్సర్‌సైజెస్’ తీశాడు. వాటిలో ఏ వాద్యమూ మోగదు. రకరకాల పొడవుల లోలకాలను తీగలతో కలిపి, వాటి ఊపును వెలుగుగా మార్చి, ఫిల్మ్ మీది సౌండ్ ట్రాక్‌పై నేరుగా ముద్రించారు అన్నదమ్ములు. చెవికి అందనంత నిదానమైన ఆ ఊపు, ఫిల్మ్‌ను మామూలు వేగంతో నడిపేసరికి స్వరమై పలికింది. బొమ్మ పుట్టిందీ వెలుగులోంచే, నాదం పుట్టిందీ వెలుగులోంచే. 1949లో బెల్జియంలో జరిగిన ప్రయోగాత్మక చిత్రాల పోటీలో ధ్వనికి వీటికి ప్రథమ బహుమతి వచ్చింది.

తర్వాత ఆయన చేతికి చిక్కిన సాధనం యుద్ధం వదిలేసిన సరుకు. ఎగిరే విమానం మరుక్షణం ఎక్కడుంటుందో లెక్కగట్టి ఫిరంగికి గురి చెప్పే ‘ఎం-5’ అనే యంత్రం. అంతా పళ్లచక్రాలూ ఇరుసులూ. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన ఆ యంత్రాన్ని విట్నీ తిరగ్గట్టి, బొమ్మలుంచిన బల్లలనూ కెమెరానూ లెక్క ప్రకారం తిప్పేలా మలిచాడు. దానిమీద చేసిన నమూనాలన్నీ గుదిగుచ్చి 1961లో ‘కేటలాగ్’ తయారుచేశాడు. ఇలా కట్టిన యాంత్రిక కంప్యూటర్‌తోనే జేమ్స్ 1966లో ‘లాపిస్’ తీశాడు. రవిశంకర్ సితారు వెంట మండలాకారంలో విప్పారే చుక్కల చిత్రమది. మనుషుల్ని చంపడానికి చేసిన లెక్క ఇలాంటి ప్రశాంతతకు పనికొచ్చిందన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

1966లో ఐబీఎం సంస్థ జాన్ విట్నీకి తన కంప్యూటర్ వాడుకునే వీలు కల్పించింది. అక్కడి జాక్ సిట్రాన్ ప్రోగ్రాం రాసిచ్చాడు. అప్పటి యంత్రం ఒక్కో బొమ్మ గీయడానికి కొన్ని సెకన్లు తీసుకునేది. సినిమాకేమో సెకనుకు 24 బొమ్మలు కావాలి. అందుకే తెర ఎదురుగా కెమెరా పెట్టి, ఒక్కో బొమ్మనూ నలుపు తెలుపు ఫిల్మ్ మీదకు ఎక్కించేవారు. రంగులు ఆ తర్వాత ఆప్టికల్ ప్రింటర్‌లో అద్దినవే. అంటే అప్పుడప్పుడే ఏం తయారవుతోందో చూస్తూ సరిదిద్దుకునే వీలు ఆయనకు లేదు. రాగం పాడుతూ అది ఎలా ఉందో మర్నాడు గానీ వినలేని గాయకుడి పరిస్థితి ఊహించుకోండి.

ఇక చుక్కల కదలికలోని అసలు కిటుకు. మధ్య బిందువు నుంచి బయటికి ఒక గీతలో 60 చుక్కలు పేర్చామనుకుందాం. మొదటిది ఒక చుట్టు తిరిగేసరికి రెండోది రెండు చుట్లు, మూడోది మూడు చుట్లు, అలా చివరిది 60 చుట్లు తిరగాలి. అంతే నియమం. కదలిక మొదలవగానే గీత వంగి సుడిగుండమవుతుంది, కాసేపటికి ఏ చుక్క ఎక్కడుందో తెలియని గందరగోళం. మొదటి చుక్క సరిగ్గా సగం చుట్టు చేరగానే సరిసంఖ్య చుక్కలన్నీ ఒకవైపు, బేసివన్నీ ఎదుటివైపు వరుస కడతాయి. మూడో వంతు దగ్గర మూడు రెక్కలు, పావు దగ్గర నాలుగు. చుట్టు పూర్తయ్యేసరికి అన్నీ మళ్లీ మొదటి గీతలోకి వచ్చి చేరతాయి. తాళం తిరిగి మొదటి దెబ్బకు చేరే చోటును సమం అంటారే, అదే ఇది.

ఈ భిన్నాలు సంగీతానికి కొత్తవి కావు. షడ్జానికీ పై షడ్జానికీ మధ్య నిష్పత్తి 1:2, షడ్జ పంచమాల మధ్య 2:3. చెవికి ఏ నిష్పత్తులు హాయినిస్తాయో, కంటికీ ఆ నిష్పత్తుల దగ్గరే క్రమం కనిపిస్తోందని విట్నీ వాదం. మధ్యలో వచ్చే చెల్లాచెదురు అపస్వరపు బిగువు, రెక్కలు కుదురుకోవడం దాని విడుపు. కథా పాత్రలూ లేకుండానే ప్రేక్షకుడు ‘తర్వాత ఏమవుతుంది’ అని ఎదురుచూసేలా చేయగలిగింది ఈ బిగువు విడుపులే. ఈ ఆలోచనలన్నీ 1980లో ‘డిజిటల్ హార్మనీ’ పుస్తకంగా వచ్చాయి.

ఆ రోజుల్లో ఇలాంటి పని ఆయనొక్కడే చేయలేదు. న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో లిలియన్ ష్వార్ట్జ్ 1970లో చేసిన ‘పిక్సిలేషన్’కు గెర్షన్ కింగ్స్‌లీ మూగ్ సింథసైజర్ మీద సంగీతం సమకూర్చాడు. అదీ చూడదగిందే. అయితే పద్ధతిని వ్యాకరణం దాకా తీసుకెళ్లింది విట్నీయే.

ఆయన పనిలో నాకు శిఖరంగా కనిపించేది 1975 నాటి ‘అరబెస్క్’. ప్రోగ్రాం రాసినవాడు లారీ క్యూబా. రెండేళ్ల తర్వాత ‘స్టార్ వార్స్’లో శత్రుస్థావరంపై దాడికి ముందు పైలట్లకు చూపించే కంప్యూటర్ బొమ్మ ఆయనదే. సంతూర్ వాయించింది ఇరాన్‌లో పుట్టిన మనూచెహ్ర్ సాదెఘీ. వలయం అలలుగా విరుగుతుంది, అలలు ఇస్లామిక్ కట్టడాల మీది అల్లికలవుతాయి. సంతూర్ తీగల మీద పడే చిన్న దెబ్బలకూ తెరమీది మెరుపులకూ ప్రతిచోటా పొంతన కుదరదు. ఒకటి ముందు వెళ్తే రెండోది అందుకుంటుంది.

విట్నీకి అది చాలలేదు. బొమ్మ ఒకరు, పాట ఒకరు చేయడం కాదు, రెండూ ఒకే చేతి నుంచి ఒకే క్షణంలో రావాలన్నది ఆయన కోరిక. 1980లలో జెర్రీ రీడ్‌తో కలిసి అలాంటి ప్రోగ్రాం సాధించి, 1995లో మరణించేదాకా దాని మీదే స్వరమూ చుక్కా కలిపి కూర్చాడు. ‘మూన్‌డ్రమ్’ ఆ పద్ధతిలోదే. కల నెరవేరిన పని కాబట్టి దాని ముందు తల వంచుతాను. చుక్కకో స్వరం చొప్పున అతుక్కున్నాక మాత్రం నాకు కాస్త ఊపిరాడనట్టు ఉంటుంది. ‘అరబెస్క్’లో సాదెఘీ బొమ్మను వదిలి ముందుకు పోయి, మళ్లీ వచ్చి కలిసే ఆ స్వేచ్ఛ నాకు ఎక్కువ ఇష్టం. ఎప్పుడు కలుస్తారో మనం కనిపెట్టుకుని ఉండాల్సింది అక్కడే. కొత్తగా చూడబోయేవారికి నా సలహా ఒకటే: ‘అరబెస్క్’ ముందు శబ్దం తీసేసి చూడండి, వెంటనే శబ్దంతో మళ్లీ చూడండి.