శ్రమకు అర్థం చెప్పవలసింది ఎవరు? తెలుగు క్రైస్తవ సాక్ష్యంపై ఒక విమర్శ

మదనపల్లె దాటిన తరువాత అంగళ్లు సమీపంలో జరిగిన ఒక గృహకూడికలో మేము విన్న సాక్ష్యంతో ఈ వ్యాసాన్ని ప్రారంభించడం సమంజసమని తలుస్తున్నాము. సాక్ష్యం చెప్పిన సహోదరి టమోటా రైతు. వారి కుటుంబం మూడు బోర్లు వేయించింది. రెండింటిలో దుమ్మే లేచింది. మూడవది ఒక్క పంటకు నీళ్లిచ్చి ఎండిపోయింది. ఆ పంట మండీకి చేరేసరికి ధర పడిపోయి కోతకూలి, బండి బాడుగ కూడా చేతికి రాలేదు. కొడుకు చదువు మానుకొని బెంగుళూరికి పనికి పోయాడు. ఇంతవరకు చెప్పి ఆమె ఆగారు. సంఘకాపరి, "ఇందులో దేవుడు నీకు చేసిన మేలేమిటో చెప్పమ్మా" అని అడిగారు. ఆమె కాసేపు తల వంచుకొని ఉండి, "ఏం మేలో నాకింకా తెలీలేదు అయ్యగారూ. ప్రార్థన మాత్రం ఇడిసిపెట్టలా" అన్నారు. కాపరిగారు మైకు అందుకొని, ఆ కుమారుని కొరకు దేవుడు బెంగుళూరులో గొప్ప ప్రణాళిక సిద్ధపరచాడనీ, బోరు ఎండిపోయింది అందుకేననీ వివరించారు. అందరూ స్తోత్రం చెప్పారు. ఆమె కూర్చున్నారు.

ఈ వ్యాసంలో మేము విమర్శకు తీసుకొంటున్నది ఆ సహోదరి మాటను కాదు, ఆ మాటకు వేరొకరు చేసిన పూరణను. తెలుగు సంఘాలలో సాక్ష్యం ఒక సాహిత్య ప్రక్రియగా స్థిరపడింది. దానికి ఒక కట్టు ఉంది: మొదట శ్రమ, తరువాత సమర్పణ, చివర మేలు. ఈ మూడవ భాగం లేని సాక్ష్యాన్ని సభ అసంపూర్ణంగా భావిస్తుంది. పత్రికలలో అచ్చయ్యే సాక్ష్యాలకైతే అది లేకపోతే చోటే దొరకదు. విశ్వాసి తన శ్రమలో దేవుని ఉద్దేశాన్ని కనుగొనడం సాధ్యమేననీ, అది సువార్తలో భాగమేననీ మేమూ నమ్ముతున్నాము. అయితే ఆ ఉద్దేశాన్ని ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ కట్టుకు ఆధారంగా ఎక్కువగా చూపేది రోమా 8:28. తెలుగు బైబిలులో ఆ వచనపు వాక్యనిర్మాణం గమనించదగినది. అక్కడ క్రియకు కర్త 'సమస్తము'. అంటే సంగతులే తమంతట తాము ఒకదానితో ఒకటి కూడుకొని మేలువైపు నడుస్తున్నట్లు వినబడుతుంది. గ్రీకు మూలంలో ఈ చోట పాఠభేదం ఉన్నది. 46వ సంఖ్య పపైరస్, వాటికన్, అలెగ్జాండ్రియా ప్రతులు 'దేవుడు' అన్న కర్తను స్పష్టంగా చూపుతాయి. ఆ పాఠం ప్రకారం పని చేసేది సంగతులు కాదు, దేవుడు. రెండు పాఠాలలో ఏది మూలమో తేల్చడం ఇక్కడ మా పని కాదు. కాని మొదటి దానిని మాత్రమే విని పెరిగిన సంఘానికి బోరు ఎండిపోవడమే మేలు చేసే శక్తిగా తోస్తుంది. రెండవ దానిలో బోరు ఎండిపోవడం ఎండిపోవడమే. దాని మధ్య దేవుడు వేరే పని చేస్తున్నాడు.

'సంకల్పము' అన్న మాట విషయంలోనూ చిక్కు ఉంది. మన ప్రాంతంలో ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పుకొంటారు. అందులో చేసేవాని గోత్రం, చోటు, తిథి, కోరుకొనే ఫలం అన్నీ విడివిడిగా ఇమిడి ఉంటాయి. ఆ వాడుక చెవులలో ఉన్న శ్రోత దేవుని సంకల్పం అనగానే ప్రతి సంఘటనకూ ఒక నిర్దిష్ట ఫలం రాసిపెట్టి ఉందని అర్థం చేసికొనడంలో ఆశ్చర్యం లేదు. పౌలు మాత్రం మరుసటి వచనంలోనే ఆ సంకల్పమేమిటో చెప్పాడు: విశ్వాసులు కుమారుని పోలికలోనికి మారడం. కొడుకు ఉద్యోగం, పొలం ధర, పెండ్లి సంబంధం అక్కడ లేవు. అంతకు ముందు వచనాలలో ఉన్నది మూలుగు. సృష్టి మూలుగుతుంది, విశ్వాసులు మూలుగుతారు, ఆత్మ సైతం మూలుగుతాడు. మూలుగును వదిలిపెట్టి ఇరువది ఎనిమిదవ వచనాన్ని మాత్రం గోడ క్యాలెండరు మీద అచ్చువేసికొన్నాము.

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. మిషనెరీ జ్ఞాపకాల సాహిత్యంలోనే దీని వేళ్లున్నాయి. 1876–78 నాటి మహాక్షామాన్ని తీసికొందాము. ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. క్షామం తీరిన పిదప 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటినుండి క్షామం ఆ జనసమూహాన్ని సంఘంలోనికి నడిపించుటకు దేవుడు వాడుకొన్న సాధనమని చెప్పడం పరిపాటి అయింది. ప్రసంగాలలో అది ఇంకొక అడుగు ముందుకు వేసి, అందుకొరకే దేవుడు క్షామాన్ని పంపాడన్నంతవరకు వెళ్లింది.

ఇక్కడ రెండు సంగతులు మరుగునపడుతున్నాయి. మొదటిది, క్లౌ స్వయంగా ఈ వ్యాఖ్యానానికి తొందరపడలేదు. సహాయం కొరకు ఎవరూ మతం మారకూడదని క్షామకాలంలో ఒక ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశారు. ఆకలికి ఫలం తొందరగా కోయకూడదన్న ఆ నిగ్రహమే ఆ చరిత్రలో అన్నిటికంటె గొప్ప వేదాంత నిర్ణయమని మా అభిప్రాయం. రెండవది, ఆ క్షామం వానలు లేకపోవడం వలన మాత్రమే అంత ఘోరం కాలేదు. ధాన్యం ఎగుమతులు ఆగలేదు. 1877లో రిచర్డ్ టెంపుల్ పొదుపు పేరుతో సహాయపు పనులలో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, ఒక అణాకు తగ్గించారు. క్షామం దేవుని సంకల్పమైతే టెంపుల్‌గారి కూలిరేటు కూడా సంకల్పంలో భాగమేనా? ఈ ప్రశ్నకు అవునని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. కాని ప్రశ్న వేయకుండా ఉంటే అవునని చెప్పినట్లే అవుతుంది.

మా ప్రాంతంలో ఈ విషయాన్ని ఆలోచించడానికి ఆరోగ్యవరం కంటె తగిన చోటు లేదు. మదనపల్లె సమీపంలో 1910వ దశకంలో పలు ప్రొటెస్టెంటు మిషనులు ఏకమై క్షయరోగులకు శానిటోరియం నెలకొల్పాయి. డెన్మార్కు నుండి వచ్చిన మిషనెరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్-మోలర్ దానికి తొలి సూపరింటెండెంటు. ఊరి పేరునే చూడండి. తెలుగు ఊళ్ల పేర్ల చివర వచ్చే 'వరం' చాలాచోట్ల 'పురం' నుండి వచ్చినదని పండితులంటారు. వినేవానికి మాత్రం అది వరమే. అడగనిదే రానిది, ఇచ్చేవాని చేతిలో ఉన్నది.

ఆ రోజులలో క్షయకు మందు లేదు. విశ్రాంతి, గాలి, మంచి ఆహారం, కొందరికి ఊపిరితిత్తిని కుదించే చికిత్స, అంతే. రోగులు నెలలు, కొందరు ఏండ్లు మంచం మీద ఉండేవారు. ఇల్లు, పని, పిల్లలు అన్నీ దూరం. నయమై పోయేవారూ ఉండేవారు, పోనివారూ ఉండేవారు. సమర్పణ అన్న మాటకు అంతకంటె కఠినమైన బడి ఉండదు. అటువంటి చోట ఒక విశ్వాసి, ఈ మంచం మీదనే నేను దేవుని ఎరిగినాను అని చెబితే, ఆ మాటను కొట్టివేసే అధికారం ఏ విమర్శకునికీ లేదు.

అయితే ఆ తరువాత జరిగినదాన్ని కూడా చూడాలి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. 1948 ఆగస్టులో భారతదేశంలో బి.సి.జి. టీకాలు మొదలుపెట్టిన చోటు మదనపల్లెయే. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. జొహానెస్ ఫ్రిమొట్-మోలర్ ఆధ్వర్యంలో చుట్టుపక్కల పల్లెలలో సంవత్సరాల తరబడి క్షయపై పరిశోధన సాగింది. 1959లో మద్రాసు పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. మందులు సరిగా వాడితే ఇంట్లో ఉన్న రోగికి, శానిటోరియంలో ఉన్న రోగికి నయమవడంలో పెద్ద తేడా లేదని తేలింది. అంటే ఆ దీర్ఘ మంచానికి అవసరమే తీరిపోయింది.

ఇప్పుడు మన సాక్ష్యాల తర్కాన్ని ఇక్కడ నిలిపి చూడండి. క్షయ దేవుడు విశ్వాసులను తీర్చిదిద్దుటకు పెట్టిన బడి అయితే స్ట్రెప్టోమైసిన్ ఆ బడిని మూయించింది. అప్పుడు మందును గూర్చి మనం దుఃఖపడవలసి ఉంటుంది! ఆరోగ్యవరం కట్టినవారు అలా తలచలేదు. వారు దేవుని చిత్తమునకు తమను అప్పగించుకొన్నవారే, అయినను రోగాన్ని దేవుని చిత్తమని అంగీకరించక దానితో పోరాడారు. తాము కట్టిన మంచాలు ఖాళీ కావడమే కోరుకొన్నారు. శ్రమలో దేవుడు కలుసుకొంటాడన్న విశ్వాసమూ, శ్రమను తీసివేయాలన్న పట్టుదలా ఒకే ఆవరణలో, ఒకే ప్రార్థనలో నిలిచాయి. మా ప్రాంతపు సంఘం ఈ వారసత్వాన్ని ఆసుపత్రి చరిత్రగా మాత్రమే గుర్తుపెట్టుకొన్నది, వేదాంతంగా చదువుకోలేదు.

లేఖనంలో సమర్పణ ఎలా కనబడుతుందో ఇక చూద్దాము. గెత్సేమనేలో యేసు గిన్నె తొలగించుమని మొదట అడిగాడు. అప్పగించుకొనడం ఆ తరువాత. హెబ్రీ పత్రిక ఐదవ అధ్యాయం ఆ ప్రార్థనలో కేకలు, కన్నీళ్లు ఉన్నాయని దాచకుండా చెబుతుంది. అడగకుండా అప్పగించుకొనడం యేసు మనకు నేర్పలేదు. తిరుపతి కొండ నీడలో ఉన్న మనకు శరణాగతి కొత్త మాట కాదు. పిల్లి నోట కరచుకొని పోయే కూనలా భక్తుడు ఊరక ఉండాలా, కోతిపిల్లలా తల్లిని గట్టిగా పట్టుకోవాలా అని శ్రీవైష్ణవులు తరతరాలు వాదించుకొన్నారు. మన ప్రసంగాలలో తెలియకుండానే పిల్లికూన గెలిచింది. గెత్సేమనే మాత్రం రెండు ఉపమానాలకూ లొంగదు. అక్కడ పిల్ల తల్లితో వాదిస్తుంది.

జర్మనీ చెరసాలనుండి బోన్‌హోఫర్ రాసిన ఉత్తరాలను 1951లో ప్రచురించినప్పుడు ఆ గ్రంథానికి పెట్టిన పేరు 'ప్రతిఘటన, సమర్పణ' అన్న అర్థాన్నిస్తుంది. 1944 ఫిబ్రవరిలో రాసిన ఉత్తరంలో ఆయన ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ అన్న ప్రశ్నతో తలపడ్డాడు. ముందుగా గీసిపెట్టిన గీత అంటూ ఏదీ లేదనీ, రెండూ ఉండవలసినవేననీ, విశ్వాసం మాత్రమే ఆ కదలికను సాధ్యం చేస్తుందనీ ఆయన భావం. మన సాక్ష్యాల కట్టులో మొదటి మాటకు చోటు లేదు. అందువలన రెండవ మాట కూడా బలహీనపడింది.

యోబు గ్రంథాన్ని గూర్చి ఒక్క మాట. నలభై రెండవ అధ్యాయం ఆరవ వచనంలో యోబు తన్ను తాను అసహ్యించుకొన్నాడని మన తెలుగు అనువాదం చెబుతుంది. హెబ్రీలో ఆ క్రియకు కర్మ లేదు, 'నన్ను' అన్నది అనువాదకులు చేర్చినది. వెంటనే వచ్చే క్రియకు పశ్చాత్తాపపడుట అనీ, ఆదరణ పొందుట అనీ రెండర్థాలూ పొసగుతాయి. మరుసటి వచనంలో దేవుడు యోబు స్నేహితులను గద్దిస్తాడు. వారు దేవుని పక్షాన మాట్లాడినవారు, శ్రమకు కారణం చెప్పినవారు. అంగళ్లు కూడికలో మైకు అందుకొన్నది ఎవరి స్వరమో ఇక విడమరచి చెప్పనవసరం లేదు.

అట్లయితే ఉద్దేశాన్ని ఎన్నడూ పలుకకూడదా అని అడుగవచ్చు. ఆదికాండం 50:20లో యోసేపు పలికాడు. కాని గమనించండి: పలికినది గుంటలో పడినవాడే, పడద్రోసినవారు కాదు. ఏండ్లు గడిచిన పిదప పలికాడు. అన్నలు చేసినది కీడేనని చెబుతూనే పలికాడు. ఆ కథలోనే, కుమారుని తిరిగి కౌగిలించుకొన్న తరువాత కూడా, యాకోబు ఫరో ఎదుట నిలిచి తన దినములు కొద్దివి, బాధాకరమైనవి అన్న భావంతో మాట్లాడాడు (47:9). ఒకే కుటుంబం, ఒకే రక్షణ, రెండు సాక్ష్యాలు. యోసేపు మాటతో యాకోబు మాటను ఎవరూ సరిదిద్దలేదు, లేఖనం రెండింటినీ ఉంచింది. పౌలు ముల్లు సంగతి కూడా అంతే. ముమ్మారు వేడుకొన్నది అతడే, జవాబు విన్నది అతడే, చెప్పినదీ అతడే.

మన సాహిత్యంలో ఇటువంటి నిజాయితీ కొరకు వెదికితే జాషువ దగ్గర ఆగవలసి వస్తుంది. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది గనుక మన సెమినరీలలో దాన్నే ఎక్కువగా తలుస్తాము. శ్రమను గూర్చిన ప్రశ్నకు మాత్రం 'గబ్బిలం' దగ్గరకే వెళ్లాలి. అందులోని పేదవాడు తన ఆకలికి ఉద్దేశమేమిటని అడగడు. ఫిర్యాదు చేస్తాడు, దాన్ని దేవుని చెవిని వేయుటకు ఒక గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోనికి తనకు ప్రవేశం లేదు గనుక తలక్రిందులుగా వ్రేలాడే ఆ జీవికైనా ఉన్నదని. అది క్రైస్తవ కావ్యం కాదు. కాని కీర్తనల గ్రంథంలోని మొరలకు మన సాక్ష్యాలకంటె అదే దగ్గరి చుట్టమని మేము భావిస్తున్నాము. కాపరి శిక్షణలో విలాప కీర్తనలకు ఇచ్చే గంటలు ఎన్ని, విజయ గీతాలకు ఇచ్చేవి ఎన్ని అని మన సంస్థలు లెక్క చూసికొంటే మంచిది.

కూడిక ముగిసిన తరువాత ఆ సహోదరిని మేము పలకరించాము. కాపరిగారు చెప్పినది ఎలా అనిపించిందని అడుగలేదు, ఆ ప్రశ్న న్యాయం కాదనిపించింది. నాలుగవ బోరు వేస్తారా అని మాత్రం అడిగాము. అప్పిచ్చేవాళ్లు లేరన్నారు. కొడుకు ఫోను చేస్తున్నాడా అంటే, ఆదివారాలు చేస్తాడు, గుడికి పోయినావా అని తానడుగుతానని చెప్పి, కొంగు సర్దుకొని, ఆ రాత్రికి వంట ఇంకా కాలేదని వెళ్లిపోయారు.