మూడోసారి కూడా వెలగాలి

తీగను ముట్టుకునే ముందు మంచి ఎలక్ట్రీషియన్ మూడుసార్లు చూస్తాడు. కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన సాకెట్‌లో ముందు టెస్ట్ ల్యాంప్ పెడతాడు. వెలగాలి. తర్వాత తాను పని చేయాల్సిన తీగల మీద పెడతాడు. వెలగకూడదు. మళ్లీ వెనక్కి వచ్చి మొదటి సాకెట్‌లోనే పెడతాడు. వెలగాలి. ఈ మూడోసారి దేనికని కొత్తగా చేరిన హెల్పర్లు అడుగుతారు. నడుమ బల్బే మాడిపోయి ఉంటే? మాడిన బల్బు కరెంటు ఉన్న తీగ మీద కూడా వెలగదు. దాన్ని నమ్మి చెయ్యి పెడితే ప్రాణం పోతుంది.

హైదరాబాద్ హైటెక్ సిటీ అద్దాల బిల్డింగుల కింద, పార్కింగ్ ర్యాంపు దిగి లోపలికి నడిస్తే వచ్చే ప్యానెల్ రూముల్లో బతుకుదెరువు నడిచేది ఈ పద్ధతి మీదే. బయట యార్డులో 11 కిలోవోల్టులో 33 కిలోవోల్టులో హెచ్‌టీ సరఫరా దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో 433 వోల్టులకు తగ్గి ఎల్‌టీ ప్యానెల్‌కు చేరుతుంది. అక్కడి నుంచి ఏసీ చిల్లర్లు, గాలిని పంచే ఏహెచ్‌యూలు, లిఫ్టులు, యూపీఎస్‌లు. లైన్ పోతే డీజిల్ జనరేటర్ (డీజీ సెట్టు) అందుకునే దాకా భారమంతా బ్యాటరీలది. ఆ కాసేపట్లో పై అంతస్తుల్లో ఒక్క కంప్యూటర్ కూడా ఆగకూడదు. గంట గంటకూ లాగ్‌బుక్‌లో వోల్టేజీ, ఆంపియర్లు, డీజిల్ మట్టం రాసే మనిషికి కాగితాల మీద పేరు షిఫ్ట్ టెక్నీషియన్. ఊళ్లో మాత్రం “మావోడు హైటెక్ సిటీల కరెంటు పని చేస్తడు” అంటారు. అందులో గర్వం ఉంటుంది, ఉండాలి కూడా.

1998 నవంబరు 22న హైటెక్ సిటీలో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటికి చుట్టూ ఎక్కువగా రాళ్లూ గుట్టలే. ఆ గుండ్రటి భవనం తర్వాత మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట దాకా కారిడార్ పాకింది. ఎన్ని అంతస్తులు లేచాయో అన్ని ప్యానెళ్లు, వాటికి మూడు షిఫ్టుల మనుషులు. తెలంగాణలో వలసకు పాత చిరునామాలు మూడు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ ఐటీఐల నుంచి వచ్చిన కుర్రాళ్లకు నాలుగో చిరునామా మాదాపూర్ అయింది. అటు శ్రీకాకుళం నుంచీ వచ్చారు. సిద్దిఖ్‌నగర్‌లోనో అంజయ్యనగర్‌లోనో గది తీసుకుని నలుగురు పంచుకుంటారు.

అంటే హైటెక్ సిటీ ఎలక్ట్రీషియన్ ముందే ఇల్లు వదిలి వచ్చినవాడు. ఇక్కడ పని పోతే అతని ముందుండేది రెండో వలస.

ఆ పని పోయిన సంగతి వార్తల్లోకి రాదు. బిల్డింగ్ మీద మెరిసే పేరు ఒకటి, అతని జీతం చీటీ మీద ఉండే పేరు వేరొకటి. నిర్వహణ పనిని కాంట్రాక్టుకు ఇస్తారు. కాంట్రాక్టు మారుతుంది, అంతస్తులు ఖాళీ అవుతాయి, లీజు ముగుస్తుంది. షిఫ్టుకు నలుగురున్న చోట ఇద్దరు చాలంటారు. “తమ్మీ, ఒకటో తారీఖు నుంచి రావద్దు” అన్న మాటతో అయిపోతుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడినప్పుడు ఇంజినీర్ల భవిష్యత్తు గురించి పత్రికలు రోజుల తరబడి రాశాయి. రాయాల్సిందే. ఆ కంపెనీ క్యాంపస్‌లలో చిల్లర్లు నడిపినవాళ్లకూ ఆ నెల అద్దె కట్టాల్సే ఉంది.

2020 మార్చిలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడింది. లాక్‌డౌన్ రాగానే ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు సంచుల్లో పెట్టుకుని ఇళ్లకు వెళ్లారు. ట్రాన్స్‌ఫార్మర్‌ను సంచిలో పెట్టుకోలేం. ఖాళీ బిల్డింగ్‌కూ కరెంటు కావాలి: సర్వర్ రూముకు, ఫైర్ పంపులకు, సీసీ కెమెరాలకు. అయితే చిల్లర్లు ఆగిన చోట మనుషుల అవసరమూ తగ్గుతుంది. అదే కాలంలో, ఈ కారిడార్‌కు దగ్గర్లోనే ఉన్న లింగంపల్లి స్టేషన్ నుంచి మే 1న, ఇంకా తెల్లారకముందే, 24 బోగీల రైలు జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. లాక్‌డౌన్ కాలంలో దేశంలో నడిచిన మొదటి వలస కార్మికుల రైలు అదే. అందులో దాదాపు 1,200 మంది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ నిర్మాణంలో పని చేసినవాళ్లు వాళ్లు. సొంత ఊరికి తిరిగి వెళ్లడానికి వాళ్లు రోడ్డెక్కి అడగాల్సి వచ్చింది.

పని పోయిన రోజున ఎలక్ట్రీషియన్ చేతిలో ఏముంటుంది? పనిముట్ల సంచి ఉంటుంది. కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్లు, టేపు, టెస్టర్ అందులో ఉంటాయి. మెగ్గరు, టాంగ్ టెస్టర్ లాంటి ఖరీదైనవి సైట్‌వి, అక్కడే అప్పగించాలి. ఇవి కాక తెచ్చుకోవాల్సినవి కాగితాలు. చాలామంది నష్టపోయేది వీటి దగ్గరే.

లేఆఫ్ అన్న మాటనే తీసుకోండి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ అంటే తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం. పేరు మస్టర్‌లోనే ఉంటుంది, మూల వేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలి. అయితే ఆ నియమం కర్మాగారాలు, గనులు, తోటల కోసం రాసింది. పూర్తిగా తీసేయడానికి చట్టంలో వేరే పేరుంది, రిట్రెంచ్‌మెంట్. ఏడాది పాటు విడవకుండా పని చేసిన కార్మికుణ్ని అలా తీసేస్తే నెల నోటీసు లేదా నెల జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ 15 రోజుల లెక్క ఉంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. “రావద్దు” అని నోటిమాటగా చెప్పించుకుని వచ్చేసినవాడు ఈ లెక్కలేవీ అడగలేడు. తీసేసినట్టు రాసిన కాగితం, అనుభవ పత్రం, పీఎఫ్ యూఏఎన్ నంబరు పట్టుకుని వచ్చినవాడు అడగగలడు.

ఇంకొకటి ఉంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ కోత పడుతుంది. ఈఎస్ఐ కార్డు అంటే సనత్‌నగర్ ఆసుపత్రి అనే అందరికీ తెలుసు. 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, ఉద్యోగం పోయిన చందాదారుకు షరతులు సరిపోతే 90 రోజుల దాకా భృతి వస్తుంది. మొదట సగటు వేతనంలో నాలుగో వంతు ఇచ్చేవారు, 2020లో దాన్ని సగానికి పెంచారు. జీవితంలో ఒక్కసారే దొరికే సాయం అది. గది అద్దెకు, ఇంటికి పంపాల్సిన డబ్బుకు ఆ మూడు నెలలు చాలా పెద్దవి. పని కోసం వెతికే మనిషిని కంగారులో దొరికిందల్లా ఒప్పుకోకుండా ఆ మూడు నెలలు నిలబెడతాయి. ప్యానెల్ రూము గోడ మీద డేంజర్ బోర్డు పక్కన ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాసి అంటించాలి.

తర్వాత ఎక్కడికి వెళ్లాలి? కొందరు ట్రూప్ బజార్‌లో వైరు, స్విచ్‌లు కొని ఇళ్ల వైరింగ్ పనులు పట్టుకుంటారు. కొందరు అపార్ట్‌మెంట్లలో చేరతారు. పని ఉన్నా చోటు మారిన సందర్భాలూ ఉన్నాయి. 2022 నవంబరు 22న, సైబర్ టవర్స్ తెరిచిన రోజుకు సరిగ్గా 24 ఏళ్లకు, అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ డేటా సెంటర్లు పని మొదలుపెట్టాయి. అవి ఉన్నది చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేట, ఫ్యాబ్ సిటీల్లో. డేటా సెంటర్‌లో కుర్చీలు తక్కువ, కరెంటు ఎక్కువ. యూపీఎస్, బ్యాటరీ, డీజీ తెలిసిన చేతులకు అక్కడ పని ఉంటుంది. మాదాపూర్ గది నుంచి షిఫ్టులకు రోజూ బండి మీద వెళ్లి రావడానికి మాత్రం అది చాలా దూరం.

మిగిలింది పాత చిరునామా, గల్ఫ్. అక్కడికి వెళ్లే ఎలక్ట్రీషియన్ తన చేతులకు అలవాటైనదాన్ని మళ్లీ పరీక్షించుకోవాలి.

రంగుల సంగతే చూడండి. మన దగ్గర మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం. న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. ఐటీఐలో మొదటి వారంలోనే ఇది ఒంటబడుతుంది. ఆర్ వై బీ అని నిద్రలో అడిగినా చెబుతారు. అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణం పాటించే చోట ఫేజులు బ్రౌన్, నలుపు, బూడిద రంగుల్లో ఉంటాయి. న్యూట్రల్ నీలం. అంటే ఇక్కడ న్యూట్రల్ అయిన నలుపు అక్కడ ఫేజు, ఇక్కడ ఫేజు అయిన నీలం అక్కడ న్యూట్రల్. బ్రిటన్ కూడా ఒకప్పుడు మన రంగులే వాడి, 2004 నుంచి 2006 మధ్య ఈ కొత్త రంగులకు మారింది. అక్కడ పాత బిల్డింగ్‌కు కొత్త వైరింగ్ కలిపిన చోట ఒకే ప్యానెల్‌లో రెండు భాషలూ కనబడతాయి. పదేళ్ల అనుభవం ఉన్న చేతికి ఇది కొత్తగా చేరిన కుర్రాడి కంటే ఎక్కువ ప్రమాదం. కుర్రాడు అడిగి చేస్తాడు. అనుభవం ఉన్న చెయ్యి నల్ల తీగ వైపు దానంతటదే వెళుతుంది.

సౌదీ అరేబియాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. నాలుగు పోళ్ల మోటారు క్షేత్రం ఇక్కడ నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే అక్కడ 1,800 తిరుగుతుంది. పంపు చప్పుడు విని రోగం చెప్పగలిగే మనిషి చెవిని కూడా సరిదిద్దుకోవాలి. చేతికీ చెవికీ తెలిసినవి ఊరు దాటితే పక్కకు పెట్టాల్సి రావచ్చు. అతనితో ఎక్కడికైనా వచ్చేది ఆ మూడుసార్లు చూసే పద్ధతి. బ్రేకర్ తీసి, తాళం వేసి, తాళంచెవి సొంత జేబులో పెట్టుకుని, తన పేరు రాసిన ట్యాగ్ కట్టి, ఆ తర్వాతే తీగ దగ్గరకు వెళ్లే ఓపిక దానికి తోడు. మాదాపూర్‌లో పదేళ్లు ఏ ప్రమాదం లేకుండా గడిచాయంటే ఆ ఓపిక వల్లే. అది అనుభవ పత్రంలో ఒక వరుసగానైనా ఎక్కదు. అది చూసి బాధ కలుగుతుంది.

కాగితాల గండం గల్ఫ్ దారిలోనూ ఉంది. పదో తరగతి పాసైనవాళ్లకు ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టు వస్తుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్లు సాధారణంగా ఈ కోవలోకే వస్తారు. సౌకర్యంగా కనిపించే ఈ దారిలో క్లియరెన్స్‌తో పాటు జరిగే ఒప్పందం పరిశీలన దొరకదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే. క్లియరెన్స్ తీసుకుని వెళ్లేవాళ్లకు అది తప్పనిసరి. అందుకే చదువుకున్న చేతిపనివాడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందా? అడిగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటిందా? వీసా మీద ఎలక్ట్రీషియన్ అని ఉందా, హెల్పర్ అని ఉందా? హెల్పర్ వీసా మీద దిగినవాడు ప్యానెల్ విప్పినా జీతం హెల్పర్‌దే అడగగలడు. సౌదీ ఇటీవలి ఏళ్లలో ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు, వెల్డర్లకు వీసాకు ముందే నైపుణ్య పరీక్ష పెడుతోంది. విదేశీ ఉద్యోగాలకు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. అప్పు చేసి దళారికి కట్టే ముందు అక్కడ ఒకసారి అడగడానికి పోయేది బస్సు చార్జీలే.

వెళ్లాక ఎండ ఉంటుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది. ఆ విరామంలో నీడ చూసుకుని కూర్చున్నవాళ్లు ఫోన్లు తీస్తారు. అప్పటికి ఇక్కడ సాయంత్రం అవుతూ ఉంటుంది.

జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇళ్లకు అలా వచ్చే కాల్స్‌లో పైసల ముచ్చట ఒకటే ఉండదు. ఇంట్లో ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందని, కండెన్సర్ పోయినట్టుందని ఐటీఐ మొదటి ఏడాది చదివే కొడుకు చెబుతాడు. తానే మార్చేస్తానంటాడు. తండ్రి వీడియోలో స్విచ్ బోర్డు చూపించమంటాడు.

“బాపూ, మెయిన్ బంద్ చేసిన.”

“ఇన్వర్టర్?”

కొడుకు ఆగుతాడు. మెయిన్ తీసినా ఇన్వర్టర్ ఫ్యాన్‌కు కరెంటు ఇస్తూనే ఉంటుందని అప్పుడు గుర్తొస్తుంది. వెళ్లి అదీ ఆపుతాడు.

“టెస్టర్ పెట్టి చూసినవా బిడ్డా?”

“చూసిన. వెలుగుతలేదు.”

“ఆ టెస్టర్ మంచిగున్నదని ఎట్ల తెలుసు?”

కొడుకు ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టి టెస్టర్ పట్టుకుని పక్కింటికి పోతాడు. అక్కడి సాకెట్‌లో కరెంటు ఉంది. తెర మీద ఖాళీ గోడ, ఆగిపోయిన ఫ్యాన్ కనబడుతుంటాయి. తండ్రి కాల్ కట్ చేయకుండా చూస్తూ ఉంటాడు.