మన అడుగుల లెక్క ఎవరి చేతిలో ఉన్నది?

ఉదయము అయిదున్నర గంటలకు సీతాఫల్‌మండి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్ల నీడలలోనికి నడచి వచ్చువారిని చూచినచో ఒక కొత్త అలవాటు కనుపించును. నడక ముగియగానే వారు ముందుగా చెమట తుడుచుకొనరు. జేబులోని సెల్‌ఫోను తీసి అంకె చూచుకొందురు. 'నేడు ఎనిమిదివేలు' అని ఒకరనగా, 'నాకు పదివేలు దాటినవి' అని మరియొకరు సంతోషింతురు. ఈ లెక్క కట్టి చూపు ఉపకరణమునే 'ఫిట్‌నెస్ యాప్' అనుచున్నాము.

నడచుట మంచిది. నడకను లెక్కించుకొనుటయు తప్పు కాదు. కాని ఇట్టి యాప్‌ను తయారుచేయువాడు మన శరీరమును కొలుచుచున్నాడు. ఇతరుల శరీరమును కొలుచువానికి కొన్ని విధులు కలవు. అంకె నిజమైనదిగా నుండవలెను. కొలుచుటకు అనుమతి పొందవలెను. పిల్లల విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను. ఈ మూడు విధులను నేటి యాప్‌లును, మన చట్టమును ఎంతవరకు నెరవేర్చుచున్నవో ఈ వ్యాసమున పరిశీలింతము.

అంకె ఎంతవరకు నిజము?

సెల్‌ఫోనులో 'యాక్సిలరోమీటరు' అను అతి చిన్న త్వరణమాపకము ఉండును. ఫోను ముందునకు, ప్రక్కకు, పైకి కదలునపుడు కలుగు వేగపు మార్పులను అది మూడు దిశలలో కొలుచును. మనము అడుగు వేసినప్పుడెల్ల ఆ కొలతలో ఒక శిఖరము ఏర్పడును. అట్టి శిఖరములను లెక్కించి యాప్ దానిని అడుగుల సంఖ్యగా చూపును. కనుకనే గతుకుల రోడ్డుమీద మోటారుసైకిలుపై పోవువానికి కూడ కొన్ని అడుగులు జమ కావచ్చును. ఫోను ఇంటిలో మరచి వచ్చినవాడు ఎంత నడచినను లెక్కకు రాడు.

'దినమునకు పదివేల అడుగులు' అను లక్ష్యము పరిశోధనాలయమున పుట్టినది కాదు. 1965లో జపానులో అమ్మకమునకు వచ్చిన ఒక అడుగుల మాపకమునకు 'మాన్పో-కెయి', అనగా 'పదివేల అడుగుల మాపకము' అని పేరు పెట్టిరి. ఆ పేరే ప్రపంచమంతటను ఆరోగ్యసూత్రముగా వ్యాపించినది. 2019లో అమెరికాలో వృద్ధ మహిళలపై జరిపిన అధ్యయనము వెలువడినది. అందు అడుగులు పెరిగినకొలది మరణపు అపాయము తగ్గినను, సుమారు 7,500 అడుగుల యొద్ద ఆ తగ్గుదల నిలిచిపోయినది. అది వృద్ధ స్త్రీలకు సంబంధించిన ఫలితము. అందరికి అదే హద్దని చెప్పరాదు. అయినను పదివేలు చేరనిచో దోషమన్నట్లు ఎఱ్ఱ గుర్తు చూపు యాప్, ప్రకటనకర్త మాటను వైద్యుని మాటగా చెప్పుచున్నదని గ్రహింపవలెను.

కెలోరీల లెక్క ఇంకను బలహీనమైనది. 60 కిలోల బరువు గల వ్యక్తి ఒక గంట నడచినచో, అతని బరువును 3.5 అను గుణకముతో హెచ్చించి సుమారు 210 కెలోరీలు ఖర్చయినవని యాప్ చెప్పవచ్చును. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 7 రకముల చేతిపట్టీలను 60 మందికి తొడిగి పరీక్షించిరి. గుండె వేగమును 6 పట్టీలు 5 శాతము లోపు తప్పుతో చూపినవి. శక్తి వ్యయము విషయమున మాత్రము అన్నిటికంటె మేలైన పట్టీయే సగటున 27 శాతము తప్పినది. అన్నిటికంటె హీనమైనది 93 శాతము తప్పినది. మన ఉదాహరణమునకు 27 శాతము తప్పును అన్వయించినచో, 210 అను అంకె వెనుక 153 నుండి 267 వరకు ఏదైనను ఉండవచ్చును. ప్రయోగశాలలో విద్యార్థి కొలత వ్రాసి, దాని తప్పు ఎంతో వ్రాయనిచో మనము మార్కులు తగ్గింతుము. యాప్‌లకు మాత్రము ఆ నియమము ఎందుకు ఉండరాదు?

పట్టికను తయారుచేసినవారు, తలుపు తట్టినవారు

ఈ నడకదారికి సమీపమున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసిన 1918వ సంవత్సరముననే కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన పరిశోధన క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, 1969లో నేటి పేరు పొందినది. 2017లో ఈ సంస్థ ప్రకటించిన ఆహార సంఘటన పట్టికలలో 528 భారతీయ ఆహార పదార్థముల విలువలు కలవు. మన ఆహారముల పోషక విలువలను తెలుపుచు 2019లో 'న్యూట్రిఫై ఇండియా నౌ' అను యాప్‌ను కూడ ఈ సంస్థ విడుదల చేసినది.

ఇందు మెచ్చదగిన అంశము ఒకటి కలదు. అంకె ఎక్కడినుండి వచ్చినదో చెప్పగలిగిన పట్టిక దాని వెనుక నున్నది. కొన్ని వాణిజ్య యాప్‌లలో పదార్థపు విలువలను వాడుకరులే చేర్చుదురు. అక్కడ ఒక జొన్నరొట్టెకు ఇద్దరు రెండు విలువలు వ్రాసినచో రెండును నిలిచియుండును. ఎవరు కొలిచిరి, ఎట్లు కొలిచిరి అను ప్రశ్నకు జవాబు లేని అంకె విజ్ఞానము అనిపించుకొనదు.

ఈ సంస్థనుండి నేర్వదగిన పాఠము మరియొకటి కలదు. 1972లో దాని ఆధ్వర్యమున జాతీయ పోషణ పర్యవేక్షణ సంస్థ ఏర్పడినది. దాని సర్వే సిబ్బంది దశాబ్దములపాటు పల్లెలకు పోయి, గడిచిన ఇరువదినాలుగు గంటలలో కుటుంబము ఏమి తిన్నదో అడిగి తెలిసికొని, ఎత్తు బరువులు కొలిచిరి. అట్టి మనిషి తలుపు తట్టును. ఎవరో, ఎందుకు వచ్చెనో చెప్పును. ఇంటివారు వలదన్నచో వెనుకకు మరలిపోవును. యాప్ కూడ అట్టి సర్వేయరే. కాని అది జేబులోనే కాపురముండి రాత్రింబగళ్ళు కొలుచును. తలుపు తట్టిన జ్ఞాపకము మనకు ఉండదు. ఎన్నో పుటల ఆంగ్ల షరతుల అడుగున 'అంగీకరించితిని' అని ఒక్క వ్రేలితో నొక్కించుకొని, దానినే అనుమతి అనును.

చట్టము ఏమనుచున్నది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఆ త్రోవలోనే 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్య విధుల అమలునకు 18 నెలల గడువు ఇచ్చిరి.

ఈ చట్టములో మెచ్చదగిన అంశములు పెక్కు కలవు. ఏ సమాచారము, ఎందుకు తీసికొందురో సులభమైన మాటలలో తెలుపవలెను. దానిని ఆంగ్లములో గాని, తెలుగుతో సహా రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనను గాని చదువుకొను వీలుండవలెను. అనుమతి ఇచ్చుట ఎంత సులభమో, ఉపసంహరించుకొనుటయు అంతే సులభముగా ఉండవలెను. పనికి అవసరమైనంతవరకే సమాచారము తీసికొనవలెను. దీనికి చట్టమే ఒక ఉదాహరణము ఇచ్చినది: ఫోను ద్వారా వైద్య సలహా ఇచ్చు యాప్ మన పరిచయస్థుల నంబర్ల పట్టికను కూడ అడిగి, మనము సరే అన్నను, ఆ పట్టిక వైద్య సలహాకు అవసరము కాదు గనుక ఆ అనుమతి దానికి వర్తింపదు. అడుగులు లెక్కించు యాప్‌కు కూడ ఇదే న్యాయము.

అయినను ఇందు రెండు లోపములు కనుపించుచున్నవి. మొదటిది: 2011 నాటి నియమములు శారీరక, మానసిక ఆరోగ్య స్థితిని 'సున్నిత సమాచారము'గా ప్రత్యేకించినవి. కొత్త చట్టమున ఆ విభజన లేదు. టెలిఫోను నంబరును, గుండె కొట్టుకొను తీరును ఒకే త్రాసులో తూచినట్లయినది. రెండవది: సమాచారమును నిర్లక్ష్యముగా కాపాడిన సంస్థ నష్టపడినవానికి పరిహారము చెల్లింపవలెనని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 43ఏ విభాగము చెప్పెను. కొత్త చట్టము పూర్తిగా అమలైనప్పుడు ఆ విభాగము తొలగిపోవును. కొత్త జరిమానా 250 కోట్ల రూపాయల వరకు పోవచ్చును. కాని అది ప్రభుత్వ నిధికి చేరును. ఎవరి సమాచారము బయటపడినదో ఆ మనిషికి అందు ఒక్క రూపాయి కూడ దక్కదు.

ఇవి ఊహలో మాత్రమే ఉన్న అపాయములు కావు. 2018లో 'మై ఫిట్‌నెస్ పాల్' అను ఆహారపు లెక్కల యాప్‌నుండి సుమారు 15 కోట్ల ఖాతాల వివరములు దొంగల పాలైనవి. 'స్ట్రావా' అను సంస్థ 2017 నవంబరులో తన వాడుకరుల నడకలను, పరుగులను పేర్లు లేకుండ ప్రపంచపటముపై వెలుగు గీతలుగా ప్రకటించెను. 2018 జనవరిలో ఆ గీతలనుబట్టి ఎడారులలోని సైనిక స్థావరముల జాడలు తెలిసిపోయినవి. పేరు తొలగించినంత మాత్రమున మనిషి మరుగుపడడు. సీతాఫల్‌మండిలోని ఒక సందునుండి ప్రతిదినము ఒకే వేళకు బయలుదేరు గీతకు మొదటి చుక్క ఎవరి గుమ్మమో ఆ వీధివారు ఎవరైనను చెప్పగలరు.

పిల్లల సంగతి

ఉపాధ్యాయులు ముఖ్యముగా గమనింపవలసినది ఇది. 12 ఏండ్ల బాలుడు 149 సెంటీమీటర్ల ఎత్తు, 39 కిలోల బరువు ఉన్నాడనుకొందము. బరువును మీటర్లలోని ఎత్తు వర్గముతో భాగించినచో 17.6 వచ్చును. ఇదియే శరీర ద్రవ్య సూచిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నాటి ప్రమాణములలో ఆ వయసు బాలురకు నడిమి విలువ సుమారు ఇంతే. అనగా అతడు సరియైన బరువే ఉన్నాడు. కాని వయసు పరిగణింపని యాప్ పెద్దలకు వర్తించు 18.5 అను హద్దుతో పోల్చి 'తక్కువ బరువు' అని చెప్పును. ఇట్లే ఎదుగుచున్న బాలికకు పెద్దల లెక్కతో కెలోరీలు తగ్గించుకొమ్మని చెప్పినచో, ఆ మాట ఆమె భోజనపు కంచముపై పడును. తప్పు అంకె ఇక్కడ కేవలము గణిత దోషము కాదు. అది ఎదిగెడి ఎముకకు, పిల్ల మనసునకు తగులు దెబ్బ.

2022 మార్చిలో అమెరికా ప్రభుత్వపు వాణిజ్య సంఘము ఇట్టి సంగతిపైననే చర్య తీసికొనెను. 'వెయిట్ వాచర్స్' సంస్థవారి 'కర్బో' అను యాప్ 8 ఏండ్ల పిల్లలకు కూడ బరువు తగ్గు మార్గము చూపుచు, తల్లిదండ్రుల సరియైన అనుమతి లేకుండ వారి సమాచారము సేకరించినదని ఆరోపణ. సంస్థ 15 లక్షల డాలర్ల జరిమానా చెల్లించి, ఆ సమాచారమును, దానితో తయారైన గణన విధానములను కూడ చెరిపివేయుటకు ఒప్పుకొనవలసి వచ్చెను. దొంగ సొమ్ముతో కట్టిన ఇల్లు కూడ నిలువరాదన్న న్యాయము ఇందు కలదు. అట్టి నిబంధన మన చట్టమునను స్పష్టముగా ఉన్నచో బాగుండును.

మన చట్టము 18 ఏండ్లు నిండనివారందరిని పిల్లలుగానే ఎంచును. తల్లిదండ్రుల ధ్రువీకృత అనుమతి కావలెననును. పిల్లల నడవడిని వెంబడించి గమనించుటను, వారిపై గురిపెట్టిన ప్రకటనలను నిషేధించును. ఉల్లంఘనకు జరిమానా 200 కోట్ల రూపాయల వరకు. మరి అడుగులు లెక్కించుట వెంబడించుట కాదా? ఈ చిక్కునకు నిర్మాతల చేతిలోనే ఒక మార్గమున్నది. లెక్క అంతయు ఫోనులోనే జరిపి, అక్కడనే ఉంచి, సంస్థకు ఏమియు పంపకున్నచో దుర్వినియోగమునకు చోటే ఉండదు. అట్లు చేయుటకు సాంకేతికముగా అడ్డు లేదు. అడ్డు ఉన్నదెల్ల సమాచారమును అమ్ముకొను ఆశయే.

మరి రెండు మాటలు చెప్పవలసియున్నవి. వ్యాధిని కనిపెట్టుటకు, చికిత్సకు ఉద్దేశింపబడిన సాఫ్ట్‌వేరు 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున వైద్య పరికరముల నియంత్రణ క్రిందికి వచ్చినది. 'ఆరోగ్యపు అలవాట్లకు మాత్రమే' అని ఒకచోట చిన్న అక్షరములలో వ్రాసి, మరియొకచోట మధుమేహము కనిపెట్టెదనని చెప్పుట రెండు పడవలపై కాళ్ళు పెట్టుట. ఇక చందా ఆపుటకు దారి కనుపింపకుండ చేయుట, వలదన్నవానిని సిగ్గుపరచు మాటలు చూపుట మున్నగు 13 మోసపు పద్ధతులను కేంద్ర వినియోగదారుల సంరక్షణ సంస్థ 2023 నవంబరులో నిషేధించినది. నిర్మాతలు ఇది ఎరుగవలెను. వాడుకరులు అంతకంటె ఎక్కువగా ఎరుగవలెను.

తరగతిలో చేయదగిన పరీక్ష

విద్యార్థులు పాఠశాల మైదానములో 100 అడుగులు నోటితో లెక్కించి నడచి, పెద్దల ఫోనులోని అంకెతో పోల్చవచ్చును. ఫోను చేతిలో, జేబులో, సంచిలో ఉంచి మూడుసార్లు చేసి, తప్పు శాతము కట్టవచ్చును. పిదప ఆ యాప్‌ను ఈ నాలుగు ప్రశ్నలు అడుగవలెను: నీ అంకెకు ఆధారమేమి? తప్పు ఎంత? నా సమాచారము ఫోను దాటి ఎక్కడికి పోవుచున్నది? నేను వలదన్నచో చెరిపివేయుదువా? వీనికి తెలుగులో జవాబు చెప్పలేని యాప్‌ను పిల్లలకు సూచింపకుండుట ఉపాధ్యాయునకు శ్రేయస్కరము.

ఉదయపు నడక మానవలసిన పని లేదు. అంకె కనుపింపకున్నను నడక ఫలితమునిచ్చును. అంకె కావలెనన్నవారు దాని వెనుక ఎవరున్నారో అడిగి తెలిసికొనవలెను.