మూరెడు గడ్డికి ఐదేళ్ల ఓపిక

మొక్క కొనేటప్పుడు అందరూ అడిగేది ఒకటే: ఎంత ఎత్తు పెరుగుతుంది? ఆ ఎత్తుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందని అడిగేవాళ్లు తక్కువ. చెట్ల విషయంలో ఈ మరపు పెద్దగా ఇబ్బంది పెట్టదు. మామిడి మొక్క రాత్రికి రాత్రి చెట్టు కాదని చిన్నపిల్లలకూ తెలుసు. గడ్డి అనేసరికి మాత్రం రెండు వానలు పడితే ఏపుగా లేచిపోతుందన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. పొలంలో గరికతోనూ తుంగతోనూ తలపడిన రైతు అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ అలంకరణ కోసం పెంచే పొట్టి గడ్డుల విలువ వాటి ఎత్తులో కంటే వాటి నిదానంలోనే ఎక్కువ. ఎంత మెల్లగా పెరుగుతుందో తెలిస్తేనే అది ఎక్కడ ఉండాలో, ఎంతకాలం మన చేతి మాట వింటుందో తెలుస్తుంది. ఈ సంగతిని పట్టుకుని దాని మీదే ఒక కళను నిలబెట్టినవారు జపనీయులు. అందుకు వారికి దొరికిన గడ్డుల్లో ఒకటి హకోనే కొండలది.

హకోనే టోక్యోకు నైరుతి దిక్కున, కనగావా ప్రాంతంలో ఉంది. అక్కడి సెన్‌గొకుహరా మైదానం సుసుకి అనే గడ్డికి ప్రసిద్ధి. శరత్కాలంలో అది మనిషి తలకు మించి ఎదిగి వెండిరంగు కంకులు వేస్తుంది. చెట్లూ పొదలూ ఆ మైదానాన్ని ఆక్రమించకుండా ఏటా చలికాలం వెళ్లే వేళ దానికి నిప్పు పెడతారు. సుసుకి చెరకుకు దగ్గరి చుట్టం. చెరకు, జొన్నల మాదిరే మండుటెండను పూర్తిగా వాడుకుని వేగంగా పెరుగుతుంది. అవే కొండల్లో, తడి ఊరే రాతి గోడల చీలికల్లో ఇంకో గడ్డి వేలాడుతూ కనిపిస్తుంది. శాస్త్రజ్ఞులు దాన్ని హకోనెక్లోవా మాక్రా అంటారు, జపాన్ ఇళ్లలో ఫుచిసో అంటారు. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే. సహజంగా పెరిగేది కూడా జపాన్‌లోనే. ఎండను వాడుకోవడంలో దీనిది వరి, గోధుమల దారి, అంటే చల్లదనానికీ చెదురు నీడకూ అనువైన దారి. వేళ్లు దిగడానికి రాతి సందులో ఉన్న చోటు పిడికెడే కనుక కొద్దిపాటి మట్టితో సరిపెట్టుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం.

ఈ గడ్డిలో ఆకుల మీద బంగారు చారలుండే ఆరియోలా రకం తోటలో నాటితే 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు, 45 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పుకు వస్తుంది. మన కొలతలో మూర ఎత్తు, మూరంబావు వెడల్పు. అంతమాత్రానికే 3 నుంచి 5 ఏళ్లు పడుతుంది. మొదటి ఏడాది శ్రమంతా వేళ్లకే పోతుంది. పైకి కనిపించే మార్పు కొంచెమే. భూమిలోని కాండం పొట్టిపొట్టిగా సాగుతూ దుబ్బు అంచున కొత్త పిలకలు వేస్తుందే తప్ప పక్క మొక్క మీదికి దూకదు. ఆకు మీద బంగారు చారలున్న మేర పత్రహరితం తక్కువ, తయారయ్యే ఆహారమూ తక్కువ. అందుకే చారల రకాల కంటే పూర్తి పచ్చ రకం చురుగ్గా పెరుగుతుంది. వెలుగు సంగతీ చూడాలి. మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకు కొసలు మాడతాయి, చిక్కటి నీడలో బంగారు రంగు పోయి లేతాకుపచ్చ మిగులుతుంది. కాబట్టి చీటీ మీద రాసిన ఎత్తును మొక్క ఇచ్చిన మాటగా తీసుకోకూడదు. వెలుగు, తేమ, వేళ్లకు దొరికిన చోటు, గడిచిన కాలం కలిస్తే వచ్చే ఫలితం అది.

ఈ లెక్కను చేతిలోకి తీసుకున్నదే కుసమోనో సంప్రదాయం. బోన్సాయ్ వృక్షాన్ని ప్రదర్శించేటప్పుడు దాని పక్కన, దానికంటే బాగా తక్కువ ఎత్తులో, ఒక చిన్న పాత్రలో గడ్డినో అడవి పూలమొక్కనో ఉంచుతారు. పక్కనున్న చెట్టును పెద్దదిగా చూపడం, నడుస్తున్న రుతువును గుర్తు చేయడం దాని పని. అలాంటి మొక్కనే విడిగా ప్రధానంగా నిలబెడితే కుసమోనో. అందులో హకోనే గడ్డిని లోతు తక్కువ కుండీలో, నీరు నిలవని గులకమట్టిలో నాటుతారు. ఎరువు పొదుపుగా వేస్తారు, ఎక్కువైతే ఆకు బారుగా సాగి ఆకారం చెడుతుంది. వేసవిలో మట్టి ఆరిపోనివ్వరు. చలికి పై భాగం ఎండి గడ్డిరంగుకు తిరుగుతుంది. ఆ ఎండు కాడలను కొత్త మొగ్గలు లేవకముందే మొదలంటా కోసేస్తారు. కుండీ వేళ్లతో నిండినప్పుడు, రెండు మూడేళ్లకోసారి, వసంతంలో దుబ్బును పైకి తీసి, వేళ్లు కత్తిరించి, కత్తితో చీల్చి, మొగ్గలున్న ముక్కలను మళ్లీ నాటుతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆకులు ఒకే వైపు ఒరిగి కుండీ అంచు మీదుగా జాలువారతాయి. ఆ వాలు కోతతో రాదు, కాలంతోనే వస్తుంది. అందుకే అక్కడ పాత కుండీకి గౌరవం ఎక్కువ.

ఈ గడ్డిని పెంచడం మీద మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది ధర. చారల రకాలు విత్తనంతో అచ్చంగా రావు, దుబ్బు చీల్చే పెంచాలి. చీల్చేంత దుబ్బు తయారవడానికే ఏళ్లు కావాలి, అందుకే ఖరీదు. నిజమే. కానీ వేగంగా పెరిగే పెద్ద గడ్డులు కొన్నేళ్లకే నడుమ చచ్చి బోలుగా మారతాయి. వాటిని గునపంతో పెకలించి విడదీయాల్సిన కూలి ఎవరూ ధరలో కలపరు. నేలలో నాటిన హకోనే గడ్డిని ఏళ్ల తరబడి కదిలించనక్కర్లేదు. రెండోది, మొదటి రెండేళ్లు నేల బోసిగా ఉంటుందని. కోతకు గురవుతున్న గట్టును వెంటనే కప్పాలంటే ఇది పనికిరాదని ఒప్పుకోవాల్సిందే. మామూలు తోటలో అయితే ఖాళీని ఆకు ఎరువుతో కప్పవచ్చు. తొందరపడి దగ్గరదగ్గరగా నాటితే ఐదో ఏట సగం పీకేయాల్సి వస్తుంది. మూడోది, కుండీలో బంధించడం మొక్కను హింసించడమేనని. రాతి చీలికలో పుట్టిన గడ్డికి ఇరుకు కొత్తది కాదు. నీరు, వెలుగు, వేళ్ల కత్తిరింపు వేళకు అందితే కుండీ దానికి పుట్టిన చోటు లాంటిదే.

ఇంత చెప్పాక, మన ఊళ్లో దీన్ని పెంచవచ్చా అన్న ప్రశ్న మిగులుతుంది. కోస్తాలోనూ తెలంగాణలోనూ మే నెల ఎండలకు ఇది తట్టుకోవడం కష్టం. దానికి కావలసిన చలికాలపు విశ్రాంతీ ఇక్కడ దొరకదు. ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి తెప్పించుకోవడం డబ్బు దండగ. సియాటిల్, లండన్ వంటి చల్లని చోట్ల ఉంటున్న తెలుగువారికి మాత్రం ఇంటి నీడపట్టున నిక్షేపంగా పెరుగుతుంది. 2009లో అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ ఆరియోలాను ఆ ఏటి మేటి బహువార్షిక మొక్కగా ఎంచుకుంది. ఇక్కడివాళ్లు తెచ్చుకోవలసింది మొక్కను కాదు, పద్ధతిని. ఏ అలంకరణ గడ్డి కొన్నా పూర్తి ఎత్తుతో పాటు వెడల్పు ఎంతో, ఆ రెండింటికీ ఎన్నేళ్లు పడుతుందో, ఎంత ఎండలో పెంచితే ఆ కొలత వస్తుందో అడగండి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని చోట కొనకండి.