కప్పు సరే, గ్రౌండు సంగతేమిటి?

కాలేజీ హాకీ టోర్నమెంటు చరిత్ర రాయమంటే మనవాళ్లు కప్పు దగ్గర మొదలుపెడతారు. కప్పు ఎవరిచ్చారు, రిబ్బను ఎవరు కత్తిరించారు, మొదటి ఫైనల్లో గెలిచిందెవరు. టోర్నమెంటు ప్రత్యేక సంచికలన్నిటిదీ దాదాపు ఇదే వరస. దాతలుంటారు, ప్రిన్సిపాళ్లుంటారు. గ్రౌండుకి సున్నం గీతలు గీసినవాళ్లు మాత్రం ఉండరు. ఈ పద్ధతిని మేం ఒప్పుకోవడం లేదు. పుట్టుక వెతకాల్సింది గ్రౌండులో. ఆ నేల ఎవరిది, దాని మీదకి ఎవర్ని రానిచ్చారు అన్నదే అసలు ప్రశ్న.

విశాఖపట్నాన్నే చూద్దాం. హాకీ మన దేశానికి బ్రిటిష్ సైన్యంతో వచ్చింది. కలకత్తాలో బైటన్ కప్పు 1895లో మొదలైంది. సైన్యం తర్వాత ఈ ఆటని బాగా పెంచింది రైల్వే. నాలుగు ఒలింపిక్సులు ఆడిన లెస్లీ క్లాడియస్ బెంగాల్ నాగపూర్ రైల్వేలోంచి వచ్చినవాడే. వాల్తేరు కూడా అప్పట్లో ఆ రైల్వేలోదే. ఇక ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో, రేవు 1933లో వచ్చాయి. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన చేసి, 1992లో జాతికి అంకితమిచ్చారు. ఊళ్లో పెద్ద మైదానాలు చాలావరకు ఈ సంస్థల చేతుల్లోనే ఉన్నాయి.

మరి ఈ మైదానాలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? ఉక్కు కోసం అరవైకి పైగా గ్రామాలు లేచిపోయాయి. పట్టా ఉన్నోడికి నష్టపరిహారం లెక్క కట్టారు. భూమే లేని కూలోడికి ఏ లెక్క కడతారు? భూమి లేనివాళ్లలో మాలమాదిగలే ఎక్కువన్నది ఎవరికి తెలియదు గనక! ఊరు పోయింది, టౌన్‌షిప్పు వచ్చింది, అందులో ఆటస్థలం వచ్చింది. టోర్నమెంటు చరిత్రలో ఇది మొదటి పేజీ కావాలి.

"ఆటలో కులం ఎందుకు తెస్తారు?" అని అడిగే పెద్దలున్నారు. తెచ్చింది మేం కాదు. 2021 టోక్యో ఒలింపిక్సులో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ చేసింది. సెమీఫైనల్లో జట్టు ఓడగానే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చి, కులం పేరుతో తిట్టారు. గెలిస్తే భారతమాత బిడ్డ, ఓడితే దళితురాలు! 1928లో మనకి తొలి ఒలింపిక్ హాకీ బంగారు పతకం వచ్చినప్పుడు కెప్టెన్ ఆదివాసీ, జైపాల్ సింగ్ ముండా. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు జాతీయ క్రీడాదినం అయింది, మంచిదే. జైపాల్ సింగ్ పేరు మన కాలేజీల్లో ఎంతమందికి తెలుసు?

1976 మాంట్రియల్ ఒలింపిక్సుతో హాకీ కృత్రిమ టర్ఫ్ మీదకి ఎక్కింది. ఎర్రమట్టి మీద నేర్చుకున్న సంక్షేమ హాస్టల్ కుర్రాడికి అది వేరే లోకం. అయినా వాడు కర్ర వదల్లేదు. ఎందుకని? రైల్వేలోనో రేవులోనో స్టీల్‌ప్లాంటులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తుందన్న ఆశ. కాలేజీ హాకీకి ప్రాణం పోసింది దాత ఇచ్చిన వెండి కప్పు కంటే ఈ ఆశే అని మా వాదన. అది నిలబడింది ప్రభుత్వరంగం మీద. 2021 జనవరిలో ఉక్కు వాటాలు నూరుశాతం అమ్మాలని కేంద్రం నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ప్యాకేజీ వచ్చిందని ఊరుకుంటే కుదరదు. ప్రైవేటువాడికి రిజర్వేషన్ ఇవ్వాలన్న చట్టం లేదు. ప్లాంటు వాడి చేతికిపోతే రిజర్వేషనూ పోతుంది, స్పోర్ట్స్ కోటాకీ పూచీ ఉండదు.

అందుకే విద్యార్థులకీ, వ్యాయామ ఉపాధ్యాయులకీ మేం చెప్పేది ఒకటే. టోర్నమెంటు చరిత్ర రాసేటప్పుడు పాత టీం ఫోటోలు తియ్యండి, హాస్టల్ రిజిస్టర్లు తియ్యండి. ఎవరు ఆడారు, ఎవరు బయట నిలబడి బంతులు ఏరారు, ఆడినవాళ్లలో ఎవరికి ఉద్యోగం దొరికిందో రాయండి. నిర్వాసిత గ్రామాలకి వెళ్లి ముసలివాళ్లని అడగండి. దాత పేరు కూడా రాయండి, కాదనం. అది మొదటి పేజీలో ఉండనక్కర్లేదు.