ఎమ్మిగనూరు దుప్పటి, ఆదోని జంఖానా

ధర్మవరం పట్టు, గద్వాల అంచు అంటే కళ్ళు పెద్దవి చేసుకునే మనం ఎమ్మిగనూరు దుప్పటిని మడతపెట్టి అటక మీద పడేస్తాం. పెళ్ళిచీర కళ, రోజూ కప్పుకునే దుప్పటి ఉత్త సరుకు అని ఎవరు పంచిపెట్టారో గానీ ఆ పంపకం అన్యాయం.

ఆదోని పత్తి ఊరు. చుట్టూ నల్లరేగడి, ఊరి నడుమ పెద్ద పత్తి మార్కెట్టు. పెద్దలు దాన్ని రెండో బొంబాయి అంటారు. సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలోది. అందుకే ఇక్కడి నేత ఇళ్ళలో కన్నడం, తెలుగు కలిసి వినబడతాయి.

ఎమ్మిగనూరుకు పేరు తెచ్చింది 1938లో మాచాని సోమప్ప పూనికతో పుట్టిన చేనేత సహకార సంఘం. నూలు ఇచ్చి, కూలి కట్టి, నేసిన గుడ్డను అమ్మిపెట్టే బాధ్యత సంఘం తీసుకుంటే నేతగాడు షావుకారు గుమ్మం దగ్గర నిలబడక్కర్లేదు. సోమప్పను ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది.

నేత అంటే నాడె అటూ ఇటూ పరుగెత్తడమే అనుకుంటాం. అసలు పనితనం మగ్గం ఎక్కకముందే తేలిపోతుంది. ముందు ఆసు పోసి పడుగు పొడవు కుదుర్చుకోవాలి. ఊరికే అటూ ఇటూ తిరిగేవాణ్ణి ఆసులో కండెలా తిరుగుతున్నాడంటామే, ఆ మాట ఇక్కడిదే. తర్వాత పడుగును వీధి పొడవునా సాచి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఇది తెల్లారుజామున, ఎండ ముదరకముందే అయిపోవాలి. ఎండలో గంజి గబగబా ఆరితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. గంజి పలుచనైతే పోగులు మగ్గం మీద నూగు లేచి తెగుతాయి, చిక్కనైతే పెళుసెక్కి విరుగుతాయి. ఎంత చిక్కగా ఉండాలో చెప్పే కొలత ఏదీ లేదు, రెండు వేళ్ళ మధ్య రాసి చూసుకోవడమే. ఇంటి ఆడవాళ్ళ చేతులకు ఆ లెక్క బాగా తెలుసు. కండెలు చుట్టేదీ ఎక్కువగా వాళ్ళే. గుడ్డ మీద పేరు మాత్రం మగ్గంలో కూర్చున్నవాడిది!

నూలు నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. 840 గజాల చిలపలు ఒక పౌనుకు ఎన్ని తూగితే అది అన్నో నంబరు. దుప్పటికీ తువాలుకూ తక్కువ నంబరు, అంటే లావు నూలు చాలు. లావు నూలైనంత మాత్రాన పని తేలిక కాదు. పేకను నెట్టే అచ్చు దెబ్బ సమంగా పడకపోతే పలచనచోటు ఇట్టే కనబడుతుంది. పట్టుచీరలో జరీ దాచే తప్పును దుప్పటిలో దాచేది ఏదీ లేదు.

ఆదోని జంఖానాది వేరే దారి. బ్రిటిష్ కాలపు గెజెటీర్లు కూడా ఆదోని నూలు తివాచీలను ప్రస్తావించాయి. దుప్పటిలో పడుగూ పేకా రెండూ కనబడితే, జంఖానాలో రంగు పేక పడుగును పూర్తిగా కప్పేస్తుంది. అందుకే దానికి అంత బరువు, అన్ని రంగు చారలు. పెళ్ళి పందిట్లో పరిచేది అదే, భజనకు కూర్చునేదీ దానిమీదే. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కింద మరమగ్గాలు నేయకూడని 11 రకాల్లో తువాళ్ళు, దుప్పట్లు, జంఖానాలు మూడూ ఉన్నాయి. బజారులో చవక దుప్పటి కొనేటప్పుడు ఆ చట్టం మనలో ఎంతమందికి గుర్తొస్తుంది?

కొరియావాళ్ళు తమ సాదా వస్తువును ఎలా చూసుకున్నారో తలుచుకుంటే ముచ్చటేస్తుంది. జోసన్ రాజుల కాలంలో చేసిన తెల్ల పింగాణీ కూజాలను వాళ్ళు చంద్రకూజాలు అంటారు. బొమ్మలు లేవు, రంగులు లేవు. రెండు పెద్ద గిన్నెలను మూతికి మూతి చేర్చి అతికిన కూజా అది. నడుము దగ్గర అతుకు కాస్త వంకరగా తెలుస్తూనే ఉంటుంది. ఆ వంకరనే అందం అన్నారు. ఇవాళ వాటికి మ్యూజియంలలో గౌరవ స్థానం.

అతుకు ఎమ్మిగనూరు మగ్గంలోనూ ఉంది. పాత పడుగు అయిపోవస్తుండగా, అచ్చులో మిగిలిన పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలుపుతారు. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ పట్టి, ఒక్క మెలి. అంగుళానికి 40 పోగుల చొప్పున 60 అంగుళాల వెడల్పు దుప్పటికి 2,400 మెలికలు. ఒక్కటి జారినా అక్కడ సన్నని గీత పడుతుంది. అన్నీ పట్టు నిలిస్తే అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు.